ఏడు ఎలుకల మోతాదు

మా బావ ఇరవై రెండేళ్ళు పాము విషంతో పనిచేశాడు గానీ, బతికున్న పామును ఒక్కసారి కూడా చూడలేదు. విషం మా ల్యాబుకు వేలెడంత గాజు సీసాల్లో పొడిగా వచ్చేది. పసుపచ్చగా, ఎండి పెచ్చులు కట్టిన జిగురులా ఉండేది. "పాము మొహం చూడకుండా పాము పేరు చెప్పుకుని బతికేస్తున్నాం" అని నవ్వేవాడు. జంతువుల పార్కుకు మా అక్క ఎన్నిసార్లు లాక్కెళ్ళినా, పాముల గది దగ్గరికి వచ్చేసరికి ఆయనకు ఏదో పని గుర్తొచ్చేది. నిజం చెప్పాలంటే ఆయనకు పాములంటే భయం.

ల్యాబులో ఆయన్ని అందరూ ముడులాయన అనేవారు. ఎందుకో తెలియాలంటే మా పనేమిటో కాస్త చెప్పాలి. పాము కరిచినవాళ్ళకు సమయానికి మందు పడితే ప్రాణం దక్కుతుంది. కానీ కొన్ని పాముల విషం కరిచిన చోట కండను చంపేస్తుంది. ప్రాణంతో ఇంటికొచ్చిన మనిషి తర్వాత పార పట్టుకోలేడు, మెట్లెక్కలేడు. ఎంత విషానికి ఎంత కండ పోతుంది, పోయినదాంట్లో ఎంత తిరిగి వస్తుంది, వచ్చిన కండ మునుపటిలా లాగుతుందా లేదా, ఇదీ మా ల్యాబు అడిగే ప్రశ్న. అడిగేది మనుషుల్ని కాదు, తెల్ల ఎలుకల్ని. ఒక కాలికి, మోకాలి కింద ఎముకను ఆనుకుని ఉండే చిన్న కండలోకి విషం ఎక్కించి, ఇరవై ఎనిమిది రోజులు ఆగుతాం. చిన్న, మధ్య, పెద్ద అని మూడు మోతాదులు, మోతాదుకు పదేసి ఎలుకలు. ఆ తర్వాత ఎలుకకు మత్తిచ్చి, ఆ కండ చివర ఉండే తెల్లటి పట్టీకి పట్టుదారం కట్టి, దారాన్ని బలం కొలిచే కొక్కేనికి తగిలిస్తాం. నరానికి కొంచెం కరెంటు తాకిస్తే కండ లాగుతుంది, తెర మీద గీత లేస్తుంది. ఎంత ఎత్తు లేస్తే అంత బలం.

ఆ దారం ముడి జారిందంటే నెల రోజుల పని బూడిదలో పోసిన పన్నీరే. కండ లాగుతూనే ఉంటుంది, గీత మాత్రం లేవదు. తడిగా, జారుడుగా, సన్నగా ఉండే ఆ పట్టీకి ముడి వేయడం చాలామందికి చేతకాదు. మా బావకు చేతనైంది, ఎందుకంటే అంతకుముందు ఆయన ఆటసామాన్ల దుకాణంలో రాకెట్లకు తీగలు బిగించేవాడు. మా ల్యాబు పెద్ద, మేమంతా మేడం అని పిలిచే ఆవిడ, అప్పట్లో బ్యాడ్మింటన్ ఆడేవారు. తీగ తెగిన రాకెట్ పట్టుకుని ఆ దుకాణానికి వెళ్ళారు. ఈయన ఎడమ బొటనవేలితో తీగను అదిమిపెట్టి కుడిచేత్తో ముడి బిగించడం కాసేపు నిలబడి చూసి, "మా దగ్గర పనికి వస్తారా?" అని అడిగారట. 

"ఏం బిగించాలండీ?" అన్నాడట ఈయన. 

"ఎలుకల్ని" అన్నారట ఆవిడ.

చూసేవాళ్ళకు కుడిచెయ్యే పనంతా చేస్తున్నట్టు కనిపిస్తుంది గానీ, ముడి నిలబడేదీ పడేదీ ఎడమ బొటనవేలి కింద అని ఆయనే నాకు చెప్పాడు. నేను చెప్పబోయేది ఆ వేలి సంగతే.

నేను ఆయన మరదల్ని. మా అక్క కంటే ఆరేళ్ళు చిన్నదాన్ని. నన్ను ల్యాబులో చేర్పించింది ఆయనే. నా పని కోయడం. ఆయన లాగి చూసిన కండను గడ్డకట్టించి, కోత యంత్రం మీద వెంట్రుక మందంలో పదోవంతు పొరలుగా కోసి, గాజు పలక మీద పరిచి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తాను. అందుకని ఆయన నాకు పెట్టిన పేరు కత్తిపీట. నా నోటికి కూడా ఆ పేరు సరిగ్గా సరిపోయిందని మా అక్క అంటుంది.

రంగు వేశాక కండ పోగుల్లో నీలం చుక్కలు కనిపిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పోగులో చుక్క అంచున ఉంటుంది. ఒకసారి చచ్చి మళ్ళీ పుట్టిన పోగులో నడుమన ఉంటుంది, చాలాకాలం అక్కడే ఉండిపోతుంది. చిన్న మోతాదు పడ్డ ఎలుకల స్లైడు చూస్తే నిండుగా పోగులు, నడుమన చుక్కలు. అంతా మళ్ళీ పుట్టిందిలే అని మనసు కుదుటపడుతుంది. దాని మీదే మా ఇద్దరికీ తగువు. నా స్లైడు బాగుందంటే ఆయన గీత బాగోలేదనేది. మధ్య మోతాదు ఎలుకల కండ నా కంటికి నిండుగానే ఉండేది. ఆయన కొక్కేనికి తగిలిస్తే మాత్రం విషం పడని రెండో కాలి బలంలో ముప్పాతిక కూడా వచ్చేది కాదు.

"నీ స్లైడు పైన పటారం, లోన లొటారం" అనేవాడు.

"ముందు నీ ముడి జారిందేమో చూసుకో బావా" అనేదాన్ని.

ఆ ముడి జారదని ఇద్దరికీ తెలుసు.

బావకు ఒక అలవాటు ఉండేది. నియమం ప్రకారం ఒక సిరంజీ ఒక ఎలుకకే. పొరపాటున చేతికి గుచ్చుకున్నా ఒక్క మోతాదుతో పోతుందని ఆ నియమం పెట్టారు. ఈయన మాత్రం పది ఎలుకలకు సరిపడా విషం ఒకే సిరంజీలో నింపి, ఎలుక ఎలుకకూ సూది ఒక్కటే మార్చేవాడు. "పదిసార్లు నింపితే పది తప్పులు. ఒక్కసారి నింపితే పదింటికీ ఒకటే మాట" అని ఆయన వాదన. అందులో అబద్ధమేమీ లేదు. ఆయన ఎక్కించిన ఎలుకల ఫలితాలు ఒకదాని పక్కన ఒకటి అంత దగ్గరగా వచ్చేవి. మేడంకు ఈ అలవాటు సంగతి తెలియదు. నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. ఊరందరి మీదా లేచే నోరు అక్కడ మాత్రం లేవలేదు.

ఆ రోజు పెద్ద మోతాదు వంతు. చిన్న మోతాదు మొన్న, మధ్య మోతాదు నిన్న అయిపోయాయి. ఉదయం పదకొండుకల్లా మూడు ఎలుకలకు ఎక్కించాడు. నాలుగోదాన్ని తువ్వాలులో చుట్టి, దాని కాలును ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకున్నాడు. సూది దించబోతుంటే అది తన్నింది. సూది దాని కాలు తప్పి బావ బొటనవేలి మొదట్లో, అరచేతిలో ఉబ్బెత్తుగా ఉండే దిమ్మలో దిగింది. ఉలిక్కిపడి కుడిచెయ్యి బిగించేసరికి సిరంజీ పిడి చివరిదాకా నొక్కుకుపోయింది. గొట్టంలో మిగిలిన ఏడు ఎలుకల మోతాదు లోపలికి పోయింది.

ఆయన అరవలేదు. ఎలుకను బోనులో పెట్టి తలుపు వేశాడు. చెయ్యి సబ్బుతో కడుక్కుని, తుడుచుకుంటూ నా గదికొచ్చాడు. నేను కోత యంత్రం ముందు కూర్చుని ఉన్నాను.

"కత్తిపీటా, ఒక లెక్క చూడు" అన్నాడు. "ఎలుక పావు కిలో. నేను అరవై రెండు కిలోలు. నాలో ఎన్ని ఎలుకలున్నాయి?"

"రెండు వందల నలభై ఎనిమిది. ఇంత మందను కట్టుకుంటున్నావని అక్కకు ముందే చెప్పాల్సింది."

నవ్వాడు. నవ్వుతూనే చెయ్యి చాపి చూపించాడు. దిమ్మ మీద చిన్న ఎర్రటి చుక్క, చుట్టూ కాస్త ఉబ్బు.

"ఏడు ఎలుకలది పోయింది. రెండు వందల నలభై ఎనిమిదికి పంచితే ఎంత?"

కాగితం మీద వేశాను. ఒక ఎలుకకు ఇచ్చేదాంట్లో ముప్ఫై ఐదో వంతు వచ్చింది. మా చిన్న మోతాదుకు కూడా అది ఏ మూలకూ రాదు. "లెక్క సరిగ్గానే ఉంది బావా. అయినా ఆస్పత్రికి వెళ్ళొచ్చెయ్" అన్నాను. 

వెళ్ళమన్నాననే నాకు గుర్తు. గట్టిగా మాత్రం అనలేదు. లెక్క సరిగ్గానే ఉందని గట్టిగా అన్నాను.

"ఆస్పత్రంటే రిపోర్టు. రిపోర్టంటే ఇక్కడ పని ఆపేస్తారు. మూడింటికి ఎక్కి ఏడింటికి ఎక్కకపోతే ఆ పదీ దండగే కదా" అన్నాడు. వెనక్కి వెళ్ళి కొత్త సీసా తీసి, విషం కలిపి, ఈసారి బుద్ధిగా ఏడు సిరంజీలు వేరువేరుగా నింపాడు. మంట పుడుతున్న ఆ బొటనవేలి కిందే ఏడు కాళ్ళనూ ఒకదాని తర్వాత ఒకటి అదిమిపెట్టి, భోజనం వేళకు పని ముగించాడు.

ఆయన లెక్క ఒంటి విషయంలో గెలిచింది. కళ్ళు తిరగలేదు, రక్తం కారలేదు, మూత్రం రంగు మారలేదు. "చూశావా, రెండు వందల నలభై ఎనిమిది మందిమి ఒక్కటిగా నిలబడ్డాం" అని మర్నాడు నాతో అన్నాడు. చెయ్యి మాత్రం రొట్టె పొంగినట్టు పొంగింది. మణికట్టు దాకా నొప్పి. తలుపు సందులో పడిందని అక్కకు చెప్పాడట. మూడో రోజు పొద్దున్నే చొక్కా గుండీతో ఆయన కుస్తీ పడుతుంటే అక్క చూసింది. బొటనవేలు మడత పడటం లేదు. చెయ్యి లాక్కుని చూస్తే దిమ్మంతా నల్లగా కమిలిపోయి ఉంది. నాకు ఫోన్ చేసి, "నువ్వు ఉన్నపళంగా రా" అని పెట్టేసింది.

నేను వెళ్ళేసరికి ఇద్దరూ వంటింటి బల్లకు చెరో వైపు కూర్చుని ఉన్నారు. బావ అప్పటికే నిజం చెప్పేసినట్టున్నాడు. నేను లెక్క కూడా చెప్పాను, కాగితం మీద వేసి మరీ చూపించాను. అక్క స్కూలు ఆఫీసులో గుమాస్తా. విషం గురించి ఆమెకు తెలిసిందల్లా మేమిద్దరం వాదులాడుకుంటుంటే చెవిన పడ్డదే.

"విషం వేలిలో పడితే ఒళ్ళంతటికీ పంచడమేంటే?" అంది.

"అంటే అక్కా, మోతాదు ఎప్పుడూ ఒంటి బరువుకే..."

"ఉప్పంతా ఒక్క ముద్దలో పడితే, గిన్నె ఎంత పెద్దదైతే మాత్రం ఆ ముద్ద తినగలమా?"

నేను ఆ కాగితాన్ని మళ్ళీ ముందుకు లాక్కున్నాను. ప్రాణం పోతుందా ఉంటుందా అన్నదానికి ఒంటి బరువు లెక్క. కండ పోతుందా ఉంటుందా అన్నదానికి ఆ కండ బరువే లెక్క. ఎలుక కాలి కండ అర గ్రాము. బావకు సూది దిగిన కండ మహా అయితే రెండున్నర గ్రాములు, అంటే ఐదు ఎలుకల కండ. ఏడు ఎలుకల మోతాదు ఐదు ఎలుకల కండలోకి పోయింది. మా పెద్ద మోతాదు కంటే అది ఇంకా ఎక్కువ. ఈ సంగతి రోజూ ఆ కండలనే కోసే నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? బావ నా మొహం చూశాడు. ఆయనకూ అర్థమైపోయింది. పైన వేసిన అంకెలో తప్పు లేదు, కింద వేసిన అంకెలో ఉంది. ఏళ్ళ తరబడి ఏ మోతాదు చూసినా ఒంటి బరువుతో భాగించి భాగించి, ఎందుకు భాగిస్తున్నామో అడగడం మానేశాం. బయటివాళ్ళెవరూ ఈ తప్పు చేయరు. సూది గుచ్చుకోగానే వాళ్ళు పరిగెత్తుకుంటూ ఆస్పత్రికి పోతారు.

చేతుల డాక్టరమ్మ ఆ మధ్యాహ్నమే దిమ్మకు చీరిక పెట్టి, చచ్చిన కండ కొంత తీసేసి, కడిగి కట్టు కట్టింది. మర్నాడు కట్టు మార్చేటప్పుడు బావ అడిగాడు.

"ఆ రోజే వచ్చి ఉంటే దక్కేదా అమ్మా?"

"కొంత దక్కేది. ఎంతని చెప్పలేను. ఈ విషం గంటలోపే పని మొదలుపెడుతుంది, అది నాకంటే మీకే బాగా తెలుసు. కానీ వాపు వల్ల పోయిందే, అది మాత్రం కాపాడేవాళ్ళం."

అక్క నా వైపు చూడలేదు. చూసి నాలుగు తిట్టి ఉంటే నాకు బాగుండేది.

"తిరిగి వస్తుందాండీ?" అని అక్కే అడిగింది.

"వ్యాయామం చేయించండి. చూద్దాం. మనుషులకు నెలలు పడుతుంది."

ఆ రోజు నుంచి మా రెండిళ్ళలోనూ ఒకటే ప్రశ్న, ఆ వేలు తిరిగి వస్తుందా రాదా. వస్తే బావ మళ్ళీ ముడులాయనే. రాకపోతే, ముడి వేయలేని ముడులాయనకు ఆ ల్యాబులో ఏం పని ఉంటుందో నాకు తెలియలేదు.

కట్టుతోనే వెళ్ళి మేడంకు తనే చెప్పాడు. పక్కన నేనున్నాను. పది ఎలుకలకు ఒకే సిరంజీ సంగతి కూడా దాచలేదు. మేడం పాత ఫలితాల ఫైలు ముందుకు లాక్కున్నారు. "ఇన్నేళ్ళూ మీ ఫలితాలు చూసి గర్వపడ్డాను. అవి అలా ఎందుకు వస్తున్నాయో ఒక్కసారీ అడగలేదు. నాదీ తప్పే" అన్నారు. తర్వాత ఆ ఏడు ఎలుకల మాట వచ్చింది. 

"అంత నొప్పితో ఉన్న చేత్తో ఎక్కించినవి. వాటిని లెక్కలోకి ఎలా తీసుకోను?"

"నా చెయ్యి వణకలేదు మేడం."

"అది మీరు చెప్తే కాదు. ఎలుకలు చెప్పాలి."

పెద్ద మోతాదు ఎలుకలు పదింటికీ ఆవిడే పాత చీటీలు పీకేసి కొత్త గుర్తులు పెట్టారు. మొదటి మూడు ఏవో, తర్వాతి ఏడు ఏవో రాసిన కాగితం కవర్లో పెట్టి తన సొరుగులో వేసి తాళం వేశారు. ఏడూ ఆ మూడింటితో సరిపోలితే ఉంచుతారు. లేకపోతే పదీ పోయినట్టే.

ఆ నెలంతా బావ ఎలుకల రోజుల్లోనే బతికాడు. డాక్టరమ్మ నెలలని చెప్పినా ఆయన చెవికెక్కలేదు. పొద్దున్నే కాఫీ తాగుతూ, "ఇవాళ ఐదో రోజు. చచ్చిన పోగుల్ని ఊడ్చేసే పని అయిపోవచ్చి ఉంటుంది" అనేవాడు. "పదో రోజు. ఈపాటికి చిన్న చిన్న పోగులు పుట్టి ఉండాలి." 

"కప్పు ముందు పెట్టుకుని ఎలుకల పురాణం ఏంటండీ, నాకు మింగుడు పడట్లేదు" అని అక్క కసిరేది. కసిరినా రోజూ ఆ లెక్క వింటూనే ఉండేది. ఆ తర్వాత పరీక్ష. పట్టుదారం ముక్కను ఆయన ఎడమ బొటనవేలి కింద బల్లకు అదిమిపెట్టేవాడు, అక్క రెండో కొస పట్టుకుని మెల్లగా లాగేది. దారం జారి వచ్చేసేది. పదిహేనో రోజూ జారింది. ఇరవయ్యో రోజూ జారింది. ఆయన చూడకుండా అక్క మెల్లిమెల్లిగా లాగే బలం తగ్గిస్తూ రావడం నేను కనిపెట్టాను. ఆయనా కనిపెట్టాడు. "సరిగ్గా లాగవే, నువ్వూ మోసం చేస్తే ఎలా" అన్నాడు. అక్క దారం బల్ల మీద వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఇరవై ఎనిమిది రోజులు నిండగానే ముందు చిన్న మోతాదు ఎలుకలు వచ్చాయి. ముడి వేయాలి. బావ నన్ను తన ఎడమ పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కుడిచెయ్యి ఆయనది, ఎడమ బొటనవేలు నాది. "ఇక్కడ నొక్కు. గట్టిగా కాదే, కదలకుండా. నొక్కి ఊపిరి బిగబట్టు" అనేవాడు. మొదటి ముడి జారింది. నా తప్పే. ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. నాలుగో ఎలుకకల్లా నా వేలికి కాస్త బుద్ధి వచ్చింది. ఆ పదీ రెండో కాలితో చూస్తే నూటికి తొంభై పైన లాగాయి. మర్నాడు మధ్య మోతాదు. డెబ్బై, డెబ్బై రెండు, అరవై తొమ్మిది. 

"డెబ్బై చాలు" అన్నాడు బావ గీత వంక చూస్తూ. "డెబ్బైతో ముడి వేయొచ్చు."

నేను తలూపాను. ఆయనకు పడింది మధ్య మోతాదు కాదని మా ఇద్దరికీ తెలుసు.

మూడో రోజు పెద్ద మోతాదు. మొదటి ఎలుకకు దారం కట్టాం, కొక్కేనికి తగిలించాం, కరెంటు తాకించాం. గీత కొంచెం లేచి ఆగిపోయింది. నూటికి ఇరవై నాలుగు.

"ముడి జారిందేమో చూడు" అన్నాడు. 

అన్నేళ్ళలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. వంగి భూతద్దంతో చూశాను. దారం ఎక్కడ కట్టామో అక్కడే ఉంది. 

"జారలేదు బావా."

రెండోది ఇరవై ఏడు. మూడోది ఇరవై మూడు. ఆ తర్వాత ఆయన అడగలేదు. ఒక్కో ఎలుక అయిపోగానే కండ తీసి నా గిన్నెలో వేసేవాడు, నేను అంకె రాసుకునేదాన్ని. మధ్యాహ్నం మూడింటికి పదీ అయ్యాయి. నేను కొన్నిటిని గడ్డకట్టించి కోశాను, రంగు వేశాను, మైక్రోస్కోప్ కింద పెట్టాను. నడుమన చుక్కలున్న పోగులు అక్కడొకటి ఇక్కడొకటి, సన్నగా ఉన్నాయి. మిగతా చోటంతా గట్టిపడిన మచ్చ, కొవ్వు, ఖాళీ. విషం తక్కువైతే పోగు చస్తుంది గానీ దాని చుట్టూ ఉండే తొడుగు నిలబడుతుంది, నెత్తురు తెచ్చే సన్నటి నాళాలు నిలబడతాయి. ఆ తొడుగులోనే కొత్త పోగు పుడుతుంది. విషం ఒక హద్దు దాటితే తొడుగూ పోతుంది, నాళాలూ పోతాయి. పుట్టడానికి చోటుండదు, పుట్టినా తిండి ఉండదు. చిన్న మోతాదు నుంచి మధ్య మోతాదుకు వస్తే ఓ పావు వంతు నష్టం. అక్కణ్ణుంచి ఇంకొక్క అడుగు వేస్తే ఇల్లే కూలిపోతుంది.

బావ వెనక నిలబడ్డాడు. "నన్ను చూడనీ" అన్నాడు. లేచి కుర్చీ ఇచ్చాను. స్లైడుల గురించి నాతో అన్ని వాదనలు పెట్టుకున్న మనిషి, ఒక్కసారి కూడా మైక్రోస్కోప్ లోకి ఇంతసేపు చూడలేదు. కుడిచేత్తో స్లైడును ఇటు జరిపాడు, అటు జరిపాడు. ఎక్కడికి జరిపినా అదే. 

"ఈసారి నీ స్లైడూ నా గీతా ఒకటే చెప్తున్నాయే" అన్నాడు. 

నేను స్లైడు తీసి పెట్టెలో పెట్టాను.

మేడం కవరు తెచ్చి మా ముందే చింపారు. కళ్ళజోడు పెట్టుకుని, నా కాగితం పక్కన తన కాగితం పెట్టుకుని చదివారు. మొదటి మూడూ ఇరవై నాలుగు, ఇరవై ఐదు, ఇరవై ఏడు. తర్వాతి ఏడూ ఇరవై మూడు, ఇరవై ఆరు, ఇరవై నాలుగు, ఇరవై ఐదు, ఇరవై ఏడు, ఇరవై నాలుగు, ఇరవై ఆరు. 

ఆ ఏడింటిలో ఏదైనా బాగా లాగి ఉంటే, చెయ్యి వణికి మోతాదు తగ్గిందని ఆయన పనికి మాట వచ్చేది. మొదటి మూడూ బాగా లాగి ఉంటే ఆయన వేలికి ఆశ ఉండేది. ఏదీ లాగలేదు. పదీ ఒకటే మాట మీద నిలబడ్డాయి.

"తేడా ఏమీ లేదు. ఏడూ లెక్కలోకి వస్తాయి" అన్నారు మేడం.

"ఇంకోసారి చదవండి మేడం" అన్నాడు బావ.

చదివారు. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. తెరిచి నా వైపు తిరిగాడు.

"చూశావా కత్తిపీటా? నా చెయ్యి వణకలేదు."

"వణకలేదు బావా" అన్నాను. అంతే, నాకు ఏడుపు ఆగలేదు. లెక్క సరిగ్గానే ఉందని నేనన్న రోజు నుంచీ దాచుకున్నదంతా అక్కడే, మేడం ముందే వచ్చేసింది. ఆయన నన్ను ఊరుకోబెట్టలేదు. ఏడవనిచ్చాడు.

తర్వాత కళ్ళు తుడుచుకుని, ఆ ఏడు అంకెలూ ఎక్కించడానికి రిజిస్టరు తెరిచాను. "ఇటివ్వు, నా ఎలుకలు నేను రాస్తాను" అని లాక్కున్నాడు. కుడిచేత్తో కలం తీసుకుని, అలవాటు ప్రకారం ఎడమ బొటనవేలితో పేజీని అదిమిపెట్టబోయాడు. పేజీ జారి లేచిపోయింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ లేచింది. నేను పక్కకు జరిగి నా వేలితో పేజీని అదిమిపెట్టాను. ఆయన ఏడు అంకెలూ ఒకదాని కింద ఒకటి, పొందికగా రాశాడు.